రుచి ఏ కంచంలో ఉంది?

చింతాడవలసలో గవరయ్య వాళ్ళింట్లో ఉన్నంత తెలివి ఇంకే ఇంట్లోనూ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. వానొస్తే నూతిలో నీళ్ళు తడిసిపోతాయని నూతి మీద గొడుగు కట్టిన ఇల్లు అదొక్కటే మరి! అన్న గవరయ్య, తమ్ముడు నూకయ్య. గవరయ్య పెళ్ళాం ఎరకమ్మ. సరిసమానమైన తెలివి కావాలని ఏడూళ్ళు వెతికి మరీ చేసుకున్నారామెని.

"దేవుడు మనకింత బుర్రిచ్చాడు. వాడకపోతే పాపం తగుల్తుంది" అనేవాడు గవరయ్య, రోజూ తలకి నూనె రాసుకుంటూ.

ఆ ఇంట్లో కాస్త మామూలు మనిషి వాళ్ళమ్మ పైడమ్మ ఒక్కతే. ఆ ఏడు శ్రావణంలో ఆవిడకి జ్వరమొచ్చింది. వారానికి జ్వరం పోయింది గానీ తిండి సయించడం మానేసింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. మనిషి చిక్కి సగమైంది.

"ఏమ్మా, తినవేం?" అన్నాడు గవరయ్య.

"ఏం తినమంటావురా! ఏం తిన్నా గడ్డి తిన్నట్టుంది."

అంతే. గవరయ్య పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు. "ఏమే! మా అమ్మకి గడ్డి పెడుతున్నావా?"

"నీమీదొట్టు మావా, అన్నమే పెట్టాను. కావాలంటే ఆవునడుగు."

ముగ్గురూ పాకలోకి వెళ్ళి ఆవునడిగారు. అది నెమరేస్తూ వాళ్ళకేసి చూసింది గానీ జవాబు చెప్పలేదు. "గడ్డిమోపు తగ్గింది, చూశావా అన్నయ్యా!" అన్నాడు నూకయ్య. ఎరకమ్మ భోరుమంది.

ఇలా కాదని వైద్యుడు జోగాచారిని పిలుచుకొచ్చారు. ఆయన నాడి చూసి, "జ్వరం పూర్తిగా పోయింది. నోరు చప్పబడింది, అంతే. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. ఈలోగా కంచం మార్చి చూడండి. పాత్రని బట్టి కూడా రుచి మారుతుంది. కంచులో తింటే ఒక రుచి, ఆకులో తింటే ఒక రుచి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గవరయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "విన్నావురా తమ్ముడూ? రుచి పాత్రలో ఉందట. ఇన్నాళ్ళూ అన్నంలో ఉందనుకున్నాం."

"మరి అన్నం ఎందుకు తింటున్నాం అన్నయ్యా?"

"తెలీక."

ఇంకేముంది, ఇంట్లో ఉన్న గిన్నెలూ గరిటెలూ చెంచాలూ చెంబులూ అన్నీ తెచ్చి వాకిట్లో పరిచారు. ఒక్కొక్కటే నాకి చూడటం మొదలెట్టారు.

"కంచుగిన్నె చల్లగా ఉంది" అన్నాడు గవరయ్య.

"చెంబు పుల్లగా ఉంది వదినా."

"నిన్న చింతపండేసి తోమాను మరిదీ, అందుకు."

నూకయ్య అట్లకాడ నాకాడు. మూతి నల్లబడింది. "ఆహా! ఇందులో దోసె రుచుంది" అన్నాడు. పొయ్యిమీద గిన్నెల మూతలు కూడా వదల్లేదు. ఎందులోనూ అమ్మకి పనికొచ్చే రుచి దొరకలేదు.

"పచ్చివి తింటే ఏం తెలుస్తుంది? ఉడకబెట్టాలి" అని తేల్చాడు గవరయ్య.

అంతే. పొయ్యిమీద పెద్ద డేగిసా ఎక్కించి, నీళ్ళు పోసి, కంచాలూ చెంచాలూ అందులో పడేశారు. ఎరకమ్మ ఉప్పూ కారం వేసి ఇంగువ పోపు కూడా పెట్టింది. పొద్దు నడినెత్తికొచ్చింది. మాటిమాటికీ ఒక చెంచా తీసి వేళ్ళతో నొక్కి చూస్తోంది.

"ఇంకా మెత్తబడలేదు మావా."

"ముదురు చెంచాలే అవి, మా తాత కాలం నాటివి. లేత చెంచాలైతే ఈపాటికి ఉడికిపోయేవి."

మంచం మీంచి పైడమ్మ నీరసంగా పిలిచింది. "ఒరే, కంచాల గొడవ మానండర్రా. ఓ అరిటాకు వేసి వేడన్నం పెట్టండి. ఓ ముద్ద దిగుతుందేమో చూస్తాను."

ఆకు వెయ్యమంది కదా! నూకయ్య పెరట్లోకి పరిగెత్తి అరిటాకు కోసుకొచ్చి, కుతకుతా ఉడుకుతున్న అన్నంలో వేశాడు. ఒకటి చాలదేమోనని గవరయ్య ఇంకో మూడు వేశాడు. అన్నం పచ్చబడి, పసరు కంపు కొట్టింది.

"ఇదేంట్రా?" అంది పైడమ్మ.

"ఆకన్నం. మొన్న గడ్డిలా ఉందన్నావు. ఇవాళ ఆకులా ఉంటుంది. మెరుగే కదమ్మా!"

పైడమ్మకి ఏడుపొచ్చింది. "మా అక్క సింహాద్రమ్మ ఉంటే నాకీ గతి పట్టేది కాదురా. రుచంతా దాని చేతిలోనే ఉంది. అది గరిటె తిప్పితే చాలు..." అంటూ అటు తిరిగి పడుకుంది.

అమ్మ కన్నీళ్ళు చూసేసరికి అన్నదమ్ములిద్దరికీ గుండె నీరైంది. అప్పటికప్పుడు బండి కట్టుకుని పక్కూరు వెళ్ళారు.

"మీ అమ్మకెలా ఉందిరా?" అని ఎదురొచ్చింది సింహాద్రమ్మ.

"అమ్మకి నీ చెయ్యి కావాలట పెద్దమ్మా" అన్నాడు గవరయ్య.

"చెయ్యేంట్రా?"

"ఒక్క చెయ్యే. రెండోది నువ్వే ఉంచుకో" అన్నాడు నూకయ్య.

చెల్లెలికి ఏమైందోనని ఆవిడ కంగారుగా బండెక్కింది. ఇంట్లో అడుగు పెడుతూనే, "కూరలేమున్నాయే?" అని ఎరకమ్మనడిగింది.

"కూరలెందుకు పెద్దమ్మా? నువ్వు గరిటె తిప్పు" అని గవరయ్య ఆవిడ చేతికి గరిటె ఇచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

"గాల్లోనా?"

"ఎక్కడైనా సరే. తిప్పు."

రాలే రుచి పట్టడానికి ఎరకమ్మ చెంబు పట్టుకుని కాచుకుంది. నూకయ్యేమో ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని, "దీన్ని పులుసులో వేద్దామా, చారులో వేద్దామా అన్నయ్యా?" అన్నాడు.

అంతే! సింహాద్రమ్మ గరిటె తిప్పింది. మొదటి తిప్పు నూకయ్య వీపున పడింది, రెండోది గవరయ్య వీపున. ముందు గవరయ్య, వెనక నూకయ్య, ఆ వెనక గరిటెతో పెద్దమ్మ, అందరికంటే వెనక చెంబుతో ఎరకమ్మ. ఇంటి చుట్టూ మూడు చుట్లు తిరిగారు.

మంచం మీద పైడమ్మ పడీ పడీ నవ్వింది. డొక్కలు నొప్పెట్టేలా నవ్వింది. నవ్వి నవ్వి, "అక్కా, ఆకలేస్తోందే" అంది.

సింహాద్రమ్మ గరిటె పారేసి, వేడన్నం వండి, ఉసిరికాయ పచ్చడి కలిపింది. కంచాలన్నీ ఇంకా ఉడుకుతున్నాయి గనక గిన్నె మూతలోనే పెట్టి ముద్దలు తినిపించింది. పైడమ్మ మూత ఖాళీ చేసి మళ్ళీ పెట్టించుకుంది.

"రుచి మూతలో ఉందన్నమాట" అన్నాడు నూకయ్య.

"కాదు. పొద్దున్నే నాకాను, ఏమీ లేదు." గవరయ్య వీపు తడుముకుంటూ ఆలోచించాడు. చటుక్కున ముఖం వెలిగింది. "గరిటెతో తరిమితే వచ్చిందిరా రుచి!"

మర్నాడు జోగాచారి పైడమ్మని చూడ్డానికొచ్చాడు. భోంచేసి వెళ్ళమంది సింహాద్రమ్మ. ఆయన చారన్నం నోట్లో పెట్టుకుని, "అన్నీ అమృతంలా ఉన్నాయమ్మా. చారే రవ్వంత చప్పగా ఉంది" అన్నాడు.

ఇంకేముంది! అన్నదమ్ములు చెరో గరిటె అందుకున్నారు. ఎంగిలిచేత్తో ఆచారి వాకిట్లోకి ఉరికాడు, అక్కణ్ణించి పెరట్లోకి. ధోవతి ఎగ్గట్టి జామచెట్టెక్కేశాడు.

"ఆచారిగారూ, రుచి వచ్చిందా?" అని కిందనుంచి అరిచాడు గవరయ్య.

"వచ్చింది నాయనా! ఉప్పు దివ్యంగా సరిపోయింది!"

గవరయ్య తమ్ముడి భుజం తట్టి, "చారుకి చిన్న గరిటే చాలింది. దిగండి ఆచారిగారూ, ఇంకా పాయసం ఉంది. తమ్ముడు పెద్ద గరిటె తెస్తున్నాడు!" అన్నాడు.

ఆచారి ఇంకో కొమ్మ పైకెక్కాడు.