తాయారమ్మ బీరువా తలుపు

బందరులో పున్నయ్యశెట్టి అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. ఏదైనా కాస్త వదులుగా కనిపిస్తే, బిగించేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. తలపాగా ఎంత గట్టిగా చుట్టేవాడంటే, సాయంత్రానికి నుదుటి మీద గాడి పడేది.

ఆయన ఇంట్లో తాతగారు చేయించిన బీరువా ఒకటి ఉండేది. దాని తలుపు పలక మీద ఎర్రరంగు వేసి, బంగారు రేకు అద్దిన తీగల నడుమ దీపం పట్టుకున్న పెళ్లికూతురి బొమ్మ వేశారు. ఆ పెళ్లికూతురు పున్నయ్య తల్లి తాయారమ్మే. ఆమె కాపురానికి వచ్చిన ఏడు ఆ బొమ్మ వేయించారు. ఇప్పుడు ఆమెకు చూపు ఆనదు. రోజూ పొద్దున్నే వచ్చి ఆ దీపాన్ని వేలితో తడిమి చూసుకునేది.

తండ్రి పోయాక బీరువా తాళంచెవి పున్నయ్య చేతికి వచ్చింది. ఆ వేసవిలో తలుపు తెరవబోతే, చట్రంలో పలక టకటకా కదిలింది.

"ఇంత బంగారం అద్ది, పలక బిగించడం మరిచాడా ఆ వడ్రంగి!" అని ఊళ్లోని మరో వడ్రంగి సోమాచారిని పిలిపించాడు.

సోమాచారి పలకను అటూ ఇటూ జరిపి చూశాడు. "మరిచినట్టు లేదు శెట్టిగారూ. ఎందుకు వదిలాడో నాకూ చూడాలనుంది. వానలదాకా ఆగండి," అన్నాడు.

"బీరువాకు వానలెందుకయ్యా? వరి నాటుతుందా?"

"ఒరే పున్నయ్యా, యాభై ఏళ్లుగా కదులుతోంది. ఎప్పుడైనా ఊడిందా?" అంది తాయారమ్మ.

"నువ్వూరుకో అమ్మా!"

సోమాచారి ఉలి ముట్టకుండానే వెళ్లిపోయాడు. పున్నయ్యే సుత్తి పట్టాడు. సందుల్లో చెక్క ముక్కలు దిగ్గొట్టి, చుట్టూ మేకులు వేశాడు. పలక కదల్లేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. నాలుగో రోజు భోజనాల వేళ ముందుగదిలో ఫెళ్లుమని చప్పుడైంది. పలక పూరీలా ఉబ్బి, పెళ్లికూతురి ముఖం మీదుగా నిలువునా పగిలింది. బంగారు రేకు పొట్టులా రాలింది. తాయారమ్మ వేలు దీపం కోసం వెతికింది. పగులు తగిలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అది పున్నయ్యను తలపాగా కన్నా గట్టిగా బిగించింది.

సోమాచారి మేకులు పీకి, పలకను బయటికి తీశాడు. చట్రం గాడిలో దాగి ఉండే దాని అంచు మీద కూడా సన్నగా బంగారు రేకు మెరిసింది.

"కనపడని చోట బంగారమెందుకు?" అన్నాడు పున్నయ్య.

"ఎండకు పలక ముడుచుకుంటే ఈ అంచు బయటపడుతుంది. అప్పుడు వట్టి కర్ర కనపడకూడదని అద్దాడు. వానకు ఉబ్బితే మళ్లీ లోపలికి పోతుంది. కదలాలనే చేశాడు శెట్టిగారూ!"

పున్నయ్య ఆ అంచును వేలితో తడిమాడు. "అతికించగలవా?"

"అతికిస్తాను. గీత మాత్రం ఉండిపోతుంది. మరి గాడి?"

"వదులుగానే ఉంచు."

మరుసటి వేసవిలో పలక మళ్లీ టకటకలాడింది. దీపం తడుముతున్న తాయారమ్మ నవ్వింది. "ఏరా, బిగించవూ?"

"ఆడనీ అమ్మా," అన్నాడు పున్నయ్య, తలపాగా కాస్త సడలించుకుంటూ.

ఏదైనా వదులుగా ఉందని బిగించబోయే ముందు, ఎందుకు వదిలారో తెలుసుకోవాలి.