పథ్యం లేని మందు

అనగా అనగా, దొరలు ఏలుతున్న రోజుల్లో, గోదావరి కాలువ ఒడ్డున ఒక పట్నం. అక్కడ బుచ్చిలింగం అనే ఆయన మందుల కార్ఖానా పెట్టాడు. మారేడు గుజ్జు, దానిమ్మ బెరడు కాచి, విరేచనాలు కట్టే మందు చేసి, సీసాల్లో పోసి అమ్మేవాడు. మందు మంచిది. మనిషీ మంచివాడే. జనంతోనే వచ్చింది తంటా.

మొదట ఒక బెల్లం వర్తకుడు వచ్చి, సీసా చేతిలోకి తీసుకుని, పథ్యం ఏమిటని అడిగాడు. ఏమీ లేదు, అన్నీ తినవచ్చన్నాడు బుచ్చిలింగం. పథ్యం లేనిది మందెలా అవుతుందని వర్తకుడు సీసా అక్కడే పెట్టేసి పోయాడు.

తర్వాత ఒక ప్లీడరు గుమాస్తా వచ్చాడు. మందు కొన్నాడు కానీ, పథ్యం తనే కల్పించుకున్నాడు. నాలుగు రోజులు గంజి కూడా ముట్టక, కళ్లు తిరిగి పడి, మందు వికటించిందని ఊరంతా చాటాడు. బుచ్చిలింగానికి ఒళ్లు మండిపోయింది.

ఇక కార్ఖానా మూసుకోవలసిందే అనిపించింది.

"వంకాయ తినకూడదని ఒక ముక్క రాసి పారేయండి. ఎవరికేం నష్టం?" అంది భార్య రత్తమాంబ.

"వంకాయ ఏం పాపం చేసింది? లేనిది నేను రాయను," అన్నాడాయన.

ఆయన చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే. కాలువ నీళ్లు కాచి తాగండని పదేళ్లుగా గొంతు చించుకుంటున్నాడు. కట్టెలు దండగని నవ్వినవాళ్లే తప్ప విన్నవాడు లేడు.

మూడో మనిషిగా పుల్లమ్మ అనే ముసలమ్మ ఏడుస్తూ వచ్చింది. మనవరాలికి రెండు రోజులుగా విరేచనాలు, పిల్ల కళ్లు తేలేస్తోంది. అంత ఏడుపులోనూ ఆవిడ అడిగింది అదే.

"పథ్యం ఏంటి బాబూ?"

బుచ్చిలింగం తల పట్టుకున్నాడు. లేదంటే ఈవిడా సీసా వదిలేసి వెళ్తుంది, పిల్ల దక్కదు. ఈ జనంతో ఎలా వేగేది? అంతలో ఆయనకు ఒకటి తట్టింది.

"ఉందమ్మా, చాలా కఠినం. మసలకాచని నీళ్లు నలభై రోజులు ఇంట్లో ఎవరి నోటా పడకూడదు. పిల్లకు మాత్రం కాచి చల్లార్చిన నీళ్లు గుక్కగుక్కగా పడుతూనే ఉండాలి."

"అదీ మందంటే," అని పుల్లమ్మ కళ్లు తుడుచుకుని సీసా కొంగున కట్టుకుంది.

పిల్ల బతికింది. ఊరు ఊరంతా సీసాల కోసం ఎగబడింది. ఇంటింటా పొయ్యి మీదికి నీళ్ల కుండ ఎక్కింది.

నలభై ఒకటో రోజున పుల్లమ్మ మళ్లీ వచ్చి, ఇక పచ్చినీళ్లు తాగవచ్చా అని అడిగింది. బుచ్చిలింగం పళ్లు కొరుక్కున్నాడు.

"ఇవాళ్టి నుంచి మళ్లీ ఒకటో రోజమ్మా," అన్నాడు.

కాబట్టి పిల్లలూ, మంచి మాటను జనం చెవికెక్కేలా చెప్పడం తెలివి. అందుకోసం అబద్ధం కలపకపోవడం నీతి.