అప్పన్న వంతు

సోమలింగం గురువుగారి దగ్గరికి ఎవరొచ్చి ఏ కష్టం చెప్పుకున్నా, పంపించే ముందు ఆయన ఒక మాట తప్పకుండా అనేవారు. "దీపం పెట్టే వేళకి ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని కాసేపు ఏదైనా చదువుకోండి. రోజూ." పంట పోయినవాడికీ అదే మాట, కొత్తగా పెళ్ళయినవాళ్ళకీ అదే మాట. జ్వరం తగ్గని బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లికి మందు చెప్పి, మందు వెనకాల అది కూడా చెప్పారు ఒకసారి.

శిష్యుల్లో భానోజీకి చదువంటే ప్రాణం. పుస్తకం చేతిలో ఉంటే అన్నానికి పిలిచినా అతనికి వినపడేది కాదు. అతను ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, అక్షరం ముక్క రాని కాలంలో ఒకరు చదివితే పదిమంది వినడం సబబే. ఇప్పుడు చాలామందికి చదువొచ్చు కదండీ. ఎవరికి వాళ్ళు మనసులో చదువుకుంటే తొందరగానూ అవుతుంది, తలకీ ఎక్కుతుంది. అందరూ కూడి, పైకి, అదీ రోజూ... ఎందుకండీ?"

గురువుగారు లేచారు. కండువా భుజాన వేసుకుని, "పద, సూరయ్య ఇంటిదాకా వెళ్ళొద్దాం" అన్నారు.

సూరయ్యది నాగావళి ఒడ్డున నేతగాళ్ళ వీధి. ఆ వీధిలో అడుగుపెడితే వానలో నడుస్తున్నట్టే ఉంటుందట, ఇంటింటా మగ్గాలు అలా మోగుతుంటాయి. సూరయ్య ఇంటి పెరట్లో మాత్రం నట్టనడుమ నిలువెత్తు మట్టిగోడ ఒకటి ఉంది. గోడకి ఇటు సూరయ్య, అటు అతని తమ్ముడు అప్పన్న. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టి, ఒక్క మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పని నేర్చుకున్నవాళ్ళే. ఒక తెల్లవారుజామున వీధి పొడుగునా నిలువుదారాల పడుగు పరిచి గంజి పెడుతుంటే మబ్బు పట్టింది. అప్పన్న తన కొస వదిలి, వాకిట్లో ఆరేసిన నూలు తీయడానికి పరిగెత్తాడు. నూలు దక్కింది. పడుగు తడిసి పాడైపోయింది. "పట్టుకున్న కొస వదిలీసినోడు నేతగాడేటి?" అన్నాడు సూరయ్య, వీధి వీధంతా వినేలాగ. ఆ వారంలోనే గోడ లేచింది. అది లేచాక అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

వీళ్ళు వెళ్ళేసరికి సూరయ్య తల్లి పోలమ్మ గోడ వారగా చాప పరుస్తోంది. సూరయ్య కూతురు గౌరి దీపం తెచ్చి పెట్టింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"సూసినారా గురువుగారూ," అన్నాడు సూరయ్య. "మనం చాపెయ్యగానే ఆడి మగ్గం ఆగిపోద్ది. నా గొంతు ఇనలేక ఈదిలోకి పోతాడు. రోజూ ఇదే వరస."

"పోతన్నాడని నువ్వు సూసినావేటి?" అంది పోలమ్మ.

"సూడాలేటమ్మా? తెల్దా?"

చదివే పుస్తకం చూసి భానోజీ తెల్లబోయాడు. దానికి అట్ట లేదు, కుట్టు లేదు. ఎప్పుడో కుట్టు ఊడిపోతే సూరయ్య తండ్రి దాన్ని మళ్ళీ కుట్టించలేదట. కాగితాలు విడదీసి ఇంట్లో తలా ఒక వంతు పంచిపెట్టాడు. ఎవరి వంతు వాళ్ళ దగ్గరే ఉండాలి. ఒకరి వంతు ఇంకొకరు చదవకూడదు, కంఠతా వచ్చినా నోటితో చెప్పకూడదు. కథ కావాలంటే అందరూ వచ్చి కూర్చోవలసిందే. ఆయన పోయాక కూడా ఆ ఇంట్లో అదే ఆచారం. అప్పన్న గోడ అవతలికి వెళ్ళినప్పుడు తన వంతు కూడా పట్టుకుపోయాడు.

"మీరు రావడం మంచిదయింది గురువుగారూ," అన్నాడు సూరయ్య తల వంచుకుని. "ఇయ్యాలే ఆఖరు. మీరు సెప్పినారని ఇన్నాళ్ళూ లాక్కొచ్చినాను. నడుమ గొయ్యెట్టుకుని ఏటి సదువండీ? రేపు ఈ కాయితాలు అటకెక్కించీస్తాను."

"నన్ను కూడా ఎక్కించీరా నాయనా, ఓ పనైపోద్ది," అంది పోలమ్మ. నవ్వుతూనే అంది గాని, తన కాగితాలు దగ్గరికి లాక్కుంది. ఇద్దరు కొడుకుల మధ్యా ఆవిడకి మిగిలింది ఆ చాప ఒక్కటే. అది భానోజీకి కూడా తెలిసిపోయింది.

చదువు మొదలైంది. పోలమ్మకి అక్షరాలు రావు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, విని విని పట్టుకున్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఒక యువకుడు, అతను మనసిచ్చిన పిల్ల, ఇద్దరి నడుమా ఒక నది. తర్వాత సూరయ్య భార్య అందుకుంది. నదికి పడవ లేదు. నీళ్ళు పోటెత్తుతున్నాయి. ఆవలి ఒడ్డున ఆ పిల్ల పెట్టిన దీపం కొండెక్కబోతోంది. యువకుడు నీళ్ళ అంచున నిలబడ్డాడు.

అంతే. అక్కడ అందరూ ఆగిపోయారు. అప్పన్న తన వంతు చదవడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ వాళ్ళు అలా కూర్చుంటారు, రోజూ. ఆ తర్వాత సూరయ్య తన వంతు అందుకుంటే, యువకుడు ఆవలి ఒడ్డున ఉంటాడు.

భానోజీ ఊరుకోలేకపోయాడు. "అతను నది ఎలా దాటాడమ్మా?" అని పోలమ్మ చెవిలో అడిగాడు.

"నాకు తెల్దేటి బాబూ? బాగా తెలుసు. అది నా నోట్లో మాట కాదు."

గౌరికి మాత్రం నిజంగానే తెలియదు. ఆ పిల్లకి కథ వినే వయసు వచ్చేసరికే గోడ ఉంది. రేపటినుంచి చదువే లేదంటే తనకిక ఎప్పటికీ తెలియదు. ఆ మాట ఆ చిన్న బుర్రకి ఎలా తట్టిందో గాని, చటుక్కున లేచి, రెండు అరచేతులూ గోడకి ఆనించి అరిచింది.

"సిన్నాన్నా! నీ వంతొచ్చింది!"

సూరయ్య ఉలిక్కిపడి, "ఇటు రాయే! ఆడక్కడెక్కడున్నాడూ..." అన్నాడు. ఆ మాట అతని నోట్లోనే ఉండిపోయింది.

గోడ అవతలనుంచి చదువు వినిపించింది. లేచి వెళ్ళి పెట్టె తెరిచి కాగితాలు తెచ్చుకునే వ్యవధి లేదు. దీపం వెలిగించుకునే వ్యవధి కూడా లేదు. పిల్ల పిలుపు ముగియగానే, పక్కనే కూర్చున్నవాడు అందుకున్నట్టు అందుకుంది ఆ గొంతు. గోడని ఆనుకుని, దీపం పెట్టుకుని, ఒళ్ళో కాగితాలు తెరుచుకుని కూర్చున్న మనిషి గొంతు అది. ఈ ఒక్క సాయంత్రమే అలా కూర్చున్నవాడి గొంతులా లేదు. తర్వాతెప్పుడో భానోజీ ఈ సంగతి నాకు చెబుతుంటే, ఎన్నడూ చూడని ఆ గోడ నా కళ్ళకి కట్టింది.

"యువకుడు ఆమెను పేరుపెట్టి పిలిచెను. పిలువగానే అతని పాదముల చెంత నీటిలోనుండి ఒక రాయి పైకి తేలెను. దానిపై నిలిచి మరల పిలిచెను. మరియొక రాయి తేలెను. పిలుపు వెంట పిలుపుగా, రాయి వెంట రాయిగా, అతడు..."

గౌరి గోడకి చెంప ఆనించి అలాగే ఉండిపోయింది. పోలమ్మ కళ్ళు మూసుకుంది. గాలికి దీపం కూడా కదలలేదంటాడు భానోజీ, అది నిజమో, అతనికి అలా అనిపించిందో నాకు తెలియదు.

చదువు అయిపోయింది. కాసేపటికి గోడ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అన్నా, ఇంక నీ వంతు."

సూరయ్య కాగితం పైకెత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఈ దీపం ఎగదొయ్యండే ఎవురన్నా, అచ్చరాలు కనపడతన్లేదు," అన్నాడు.

దీపం నిండుగా వెలుగుతోంది. సూరయ్య భార్య కిక్కురుమనకుండా వత్తి కొంచెం పైకి జరిపింది. అప్పుడు సూరయ్య చదివాడు, మెల్లగా, గోడ వైపు తిరిగి. చదువు ముగిశాక కాగితాలు అటకెక్కించే మాట ఎవరూ ఎత్తలేదు.

తిరుగుదారిలో ఏటి గట్టు ఎక్కాక భానోజీ అన్నాడు.

"అవతల ఒకడు రోజూ చెవి ఒగ్గి కూర్చున్నాడని వాళ్ళకి తెలియనే తెలియదు కదండీ. తెలియకుండానే ఇన్నాళ్ళూ చదివారు."

గురువుగారు ఆగి, అతని వైపు చూశారు.

"సూరయ్యకి మనసులో చదువుకోవడం రాకనే ఇన్నాళ్ళూ గోడ పక్కన కూర్చుని పైకి చదివాడనుకున్నావా, భానోజీ?"