మీనాక్షి ఎవరింటి చేప

పైడిగిరి రాజు తిమ్మభూపతి మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. యుద్ధం వచ్చీ కాదు, జబ్బు చేసీ కాదు. మీనాక్షి కనబడటం లేదు.

మీనాక్షి అంటే రాణిగారు కాదు. కోట పక్కన కొత్తగా కట్టించిన విహార కొలనులో ఉండే ఎర్రచేప. రాజుగారు రోజూ పొద్దున్నే మెట్ల మీద కూర్చుని దానికి మరమరాలు తినిపించేవారు. ముచ్చటపడి దాని ముక్కుకు సన్నటి బంగారు పోగు కూడా పెట్టించారు. అలాంటి చేప మాయమైపోయింది. అది ఎవరింట్లో దొరికితే వాళ్ళకు వంద కొరడా దెబ్బలని ఊరంతా దండోరా వేయించారు.

ఆ దండోరాకు ఊరు ఊరంతా నవ్వింది. దూదేకుల సైదులు మాత్రం నవ్వే స్థితిలో లేడు. కొలను తూర్పు గోడ వెనకే అతని ఇల్లు. మూడు రోజుల కిందట ఉన్నట్టుండి ఇంట్లోకి నీళ్ళు దూసుకొచ్చాయి. పెళ్ళిళ్ళ రోజులని అప్పు చేసి తెచ్చుకున్న పన్నెండు బస్తాల దూది నానిపోయింది. కుట్టిపెట్టిన పరుపులు పాడయ్యాయి. దూదేకే విల్లు నరం ఉబ్బి తెగింది. పక్క గోడ కూలింది.

సైదులు కట్టడాల అధికారి రుద్రప్ప దగ్గరకు పరుగెత్తాడు. ఆ కొలను కట్టినవాడు రుద్రప్పే. 'జలస్తంభన విశారద' అని తనకు తానే బిరుదు తగిలించుకున్న మనిషి. ఆ రోజు నాలుగు చినుకులు పడ్డ మాట నిజమే. రుద్రప్ప దాన్నే పట్టుకున్నాడు. అది వాన నీరనీ, నష్టం కావాలంటే వెళ్ళి ఇంద్రుణ్ణి అడగమనీ చెప్పి పంపేశాడు. ఆ వెంటనే గుట్టుగా కొలను గోడకు పడ్డ గండికి బంకమట్టి కొట్టించి, కాలువ నీళ్ళతో కొలను నింపేశాడు.

సైదులుకు చిన్ననాటి స్నేహితుడు ఒకడున్నాడు. పేరు గవరయ్య. రాజుగారికి తాంబూలం చుట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. మాట మాత్రం సున్నం కంటే ఘాటు. సంగతి తెలిసి గవరయ్య వచ్చేసరికి సైదులు సామాను మూట కడుతున్నాడు. భార్యాపిల్లలతో ఊరు వదిలిపోతానన్నాడు. గవరయ్య తన వేలి ఉంగరం తీసి ఇవ్వబోయాడు. సైదులు తీసుకోలేదు.

"ఊరికే వచ్చిన సొమ్ముతో కుట్టిన పరుపు మీద ఎవరికీ నిద్ర పట్టదు గవరా. నాకు రావలసింది ఇప్పించు, చాలు" అన్నాడు.

గవరయ్య పంచె ఎగగట్టి వెనక గదిలోకి దిగాడు. ఆ గది నేల పల్లం, నీళ్ళు ఇంకా మోకాటి లోతున ఉన్నాయి. ఇద్దరూ తడిసిన దూది ఎత్తిపోస్తుంటే గవరయ్య పిక్కకు ఏదో మెత్తగా తగిలింది. ఒడిసి పట్టి పైకెత్తాడు. ఎర్రటి ఒళ్ళు, ముక్కున బంగారు పోగు.

సైదులు గబగబా వెళ్ళి వీధి తలుపు మూశాడు. నీళ్ళు చాలక కొరడా కూడా వచ్చిందనుకున్నాడు. గవరయ్య మాత్రం కూలిన గోడకు ఆనుకుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. చేపను గంగాళంలో వేసి, మూత పెట్టి, రేపు సభకు మోసుకు రమ్మన్నాడు.

మర్నాడు సభలో గవరయ్య తాంబూలం అందిస్తూ, సైదులు ఇంట్లోకి వచ్చిన నీళ్ళ మాట ఎత్తాడు. చేప బెంగలో ఉన్న రాజు విసుక్కున్నాడు. రుద్రప్ప మీసం దువ్వి లేచి, తన గోడ నూరేళ్ళయినా చుక్క కారదనీ, అది ముమ్మాటికీ వాన నీరేననీ చెప్పాడు.

"అయితే ఆ వానతో పాటు వచ్చి పడ్డది ఏదైనా సైదులుదేనా?" అని అడిగాడు గవరయ్య.

"నిక్షేపంగా. కప్పలూ నత్తలూ అన్నీ వాడివే. కావాలంటే వండుకు తినమను."

సైదులు మోసుకొచ్చిన గంగాళం మూత తీశాడు గవరయ్య. మీనాక్షి తోక ఝాడించింది. నీళ్ళు ఎగిరి రుద్రప్ప తలపాగా మీద పడ్డాయి.

రాజు సింహాసనం మీంచి ఒక్క దూకు దూకి వచ్చారు. గవరయ్య చేతులు అడ్డం పెట్టాడు. ఇది వానలో పడ్డ చేపనీ, అధికారిగారి తీర్పు ప్రకారం సైదులుదనీ, తాకాలంటే అతన్ని అడగాలనీ అన్నాడు.

రుద్రప్ప వేలు చూపిస్తూ ముందుకొచ్చాడు. "ప్రభూ, ఇది మన కొలనులో చేప. ఈ సైదులే దొంగిలించాడు" అని అరిచాడు.

గవరయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"చేపను ఎత్తుకుపోయినవాడు, అది ఈదడానికని కొలను కూడా ఎత్తుకుపోయి తన దూదంతా తడుపుకున్నాడా అయ్యా?"

ముందు రాజుగారే నవ్వారు. ఆయన నవ్వాక ఎవరు ఆగుతారు? రాజపురోహితుడికి ఎక్కిళ్ళు పట్టాయి. భటుల చేతుల్లో ఈటెలు ఊగిపోయాయి.

నవ్వు తగ్గాక రాజు తీర్పు చెప్పారు. సైదులు దూదికీ, విల్లుకూ, గోడకూ అయ్యే ఖర్చంతా రుద్రప్ప జీతంలోంచే ఇవ్వాలి. ఇంకో పది బస్తాలు కలిపి ఇప్పిస్తానంటే సైదులు ఒప్పుకోలేదు, పోయినవి పన్నెండే అన్నాడు. ఆ మాటకు రాజు మెచ్చి, కోటలోని పరుపులన్నీ ఇక సైదులే కుట్టాలన్నారు. తన చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగారు.

"ఇక ఆ కొలను గోడ సంగతి. రుద్రప్ప దాన్ని మళ్ళీ కట్టి, వర్షాకాలం అయ్యేదాకా సైదులు ఇంటి వెనక గదిలోనే పడుకోవాలి" అన్నారు.

సైదులు చేతులు జోడించాడు.

"వారి పరుపు నేను కుట్టి ఇస్తాను ప్రభూ. బెండుతో కుడతాను, తేలుతుంది."

రాజుగారు సింహాసనం అంచు పట్టుకుని మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజు ఇక సభ జరగలేదు.