పసుపు దారం చుట్టిన స్విచ్చి

పిల్లలూ, ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో నేను కాస్త అటూ ఇటూ చేస్తానేమో. ఈమధ్య నా జ్ఞాపకం అలా ఉంది. జరిగిన అన్యాయం మాత్రం ఒక్క ముక్క మరిచిపోలేదు. అది చాలు కథకి.

అనగనగనగా, రాజుల రథాలు మూలపడి మోటారు బండ్లు వచ్చిన కొత్తలో, మెట్టగిరి అని ఒక రాజ్యం ఉండేది. కోట కొండ మీద, ఊరు కొండ కింద. రెంటికీ మధ్య మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. రాజ్యం మొత్తానికి ఉన్నది ఒకటే కారు. అది రుద్రసేన మహారాజుది.

ఆ మహారాజుకు దానగుణం ఉంది. ధైర్యం ఉంది. ఆ రెంటినీ మింగేసేంత కోపం కూడా ఉంది.

కొండ కింద పైడమ్మ అనే ఆవిడకు ఒక రిపేరు షెడ్డు ఉండేది. తండ్రి దగ్గర పని నేర్చుకుంది. ఇంజను దగ్గితే ఎందుకు దగ్గిందో, మూలిగితే ఎందుకు మూలిగిందో చెప్పేది. మహారాజు కారు నడిపే సింహాద్రి ఆమెకు స్వయానా తమ్ముడు.

ఆ కారులో ఇంజను నీళ్లను చల్లబరచడానికి ముందువైపు ఒక కరెంటు ఫ్యాను ఉండేది. అది తిరగాలంటే డ్రైవరు మీట నొక్కాలి. ఒకరోజు కొండ ఎక్కుతూ సింహాద్రి మీట మరిచిపోయాడు. సగం దారిలో చూసుకునేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గర ఉంది.

"ప్రభూ, బండి వేడెక్కింది. కాసేపు ఆపాలి" అన్నాడు.

"నన్ను నడిరోడ్డు మీద నిలబెడతావా? పోనీ" అన్నాడు మహారాజు.

పోనిచ్చాడు. రెండు మలుపులు దాటగానే బానెట్ కింద నుంచి తెల్లగా పొగలు లేచాయి. మహారాజు పల్లకీలో కోటకు చేరాడు. మర్నాడు సింహాద్రి బానెట్ మూతను నెత్తిన పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోట గుమ్మం ముందు ఎండలో నిలబడాల్సి వచ్చింది.

"మీట మరిచినందుకు కాదు. నాకు చెడ్డ కబురు చెప్పినందుకు" అన్నాడు మహారాజు.

అప్పటి నుంచి సింహాద్రి భయంతో మీట ఆపడమే మానేశాడు. బండి ఆగి ఉన్నా ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ఒక ఉదయం మహారాజు జైత్రయాత్ర ఉత్సవానికి తయారై వచ్చి కూర్చుంటే బ్యాటరీలో చుక్క ప్రాణం లేదు. బండి కిక్కురుమనలేదు. ఈసారి శిక్ష, ఆ బండిని ఒక్కడే తోసుకుంటూ కోట చుట్టూ మూడుసార్లు తిరగడం.

ఆ సాయంత్రం సింహాద్రి అక్క షెడ్డుకు వచ్చి కాళ్లు చాపుకుని కూలబడ్డాడు.

"ఎలా ఉందిరా ప్రదక్షిణం?" అంది పైడమ్మ, వేడినీళ్ల గుడ్డతో అతని పిక్కలు ఒత్తుతూ.

"పుణ్యం వచ్చింది. కాళ్లు పోయాయి."

"మీ రాజు కూడా ఒక చుట్టు తోస్తే ఆయనకీ వచ్చును కదా పుణ్యం."

"మెల్లిగా అక్కా. గోడలకు చెవులుంటాయి."

"ఉంటే విననీ" అంది పైడమ్మ. నవ్వలేదు. ఆమె ఒళ్లు మండిపోతోంది. బండి వేడెక్కడం బండి తప్పు, బ్యాటరీ చావడం భయం తప్పు. కానీ రెండుసార్లూ మోసింది మాత్రం తన తమ్ముడు.

మర్నాడు తలకు గుడ్డ చుట్టుకుని కొలువుకు పోయింది. బొటనవేలంత ఇత్తడి బిళ్లను మహారాజు ముందు పెట్టింది.

"మహారాజా, ఇది వేడి స్విచ్చి. దీన్ని ఇంజను తలలోకి, నీళ్లు వేడిగా బయటికొచ్చే చోట బిగించాలి. నీళ్లు మరిగే ముందే ఇది తనంతట తాను కలుస్తుంది. ఫ్యాను తిరుగుతుంది. నీళ్లు చల్లబడగానే విడిపోతుంది. ఫ్యాను ఆగుతుంది. డ్రైవరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు."

మహారాజు బిళ్లను అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది. పెట్టించు. కానీ విను. మళ్లీ ఒక్కసారి నా బండి పొగలు కక్కిందా, నీ షెడ్డుకు నా ముద్ర పడుతుంది. నువ్వు బతికున్నన్నాళ్లూ పానా పట్టకూడదు."

ఆ షెడ్డు తప్ప పైడమ్మకు ఇంకేదీ తెలియదు. అయినా "సరే" అంది. స్విచ్చి మీద ఆమెకు నమ్మకం ఉంది.

నమ్మకం లేనిది కోట మనుషుల మీద.

మెట్టగిరిలో ఒక ఆచారం ఉండేది. రాజుగారి వస్తువులో ఏ కొత్త భాగం చేర్చినా, ముందు దానికి మైనం పూసిన పసుపు దారం ఏడు చుట్లు చుట్టి, కోట భండారి చేత్తోనే బిగించాలి. పల్లకీ బొంగుకైనా, సింహాసనం మేకుకైనా అంతే. భండారి విరూపాక్షుడు స్విచ్చిని వెండి పళ్లెంలో పెట్టి దారం ఉండ తెప్పించాడు.

"అయ్యా, దీనికి దారం చుట్టకండి" అంది పైడమ్మ. "ఫ్యాను నుంచి వచ్చే వైరు ఒకటే. కరెంటు తిరిగి పోయే దారి, స్విచ్చి ఒంటికి చుట్టూ ఉన్న ఈ మరలే. మరల ఇత్తడి ఇంజను ఇనుముకు తగలాలి. మధ్యలో మైనం దారం ఉంటే దారి మూసుకుపోతుంది."

"ఏడు తరాల ఆచారం తల్లీ."

"ఏడు తరాల కింద కరెంటు ఎక్కడుందయ్యా? దారం కావాలంటే పైన వైరుకు కట్టండి. స్టీరింగుకు కట్టండి. నా మెడకు కట్టండి. మరలకు వద్దు."

"చుట్టకపోతే మహారాజుకు అరిష్టం వస్తుందేమోనని ఎవరైనా అంటే? నా తల ఎవరు కాస్తారు?" అన్నాడు విరూపాక్షుడు. అతని గొంతులో పొగరు లేదు, వణుకు ఉంది. పైడమ్మ ఆ వణుకు విననే లేదు, అంత కోపంలో ఉంది. భటులు ఆమెను గుమ్మం దాకా నడిపించి వచ్చారు. భండారి ఏడు చుట్లూ చుట్టి, కళ్లకద్దుకుని, స్విచ్చిని బిగించేశాడు. పాత మీటను పీకి అవతల పారేశాడు.

నాలుగో రోజు కారు కొండ ఎక్కుతూ తెల్లగా పొగలు కక్కింది.

సాయంత్రానికి భటులు వచ్చి పైడమ్మ షెడ్డుకు తాళం వేసి రాజముద్ర కొట్టారు. చేతిలో ఉన్న పానాను కూడా లాక్కుపోయారు. వాళ్ల వెనకాలే సింహాద్రి తల వంచుకుని వచ్చాడు.

"ఫ్యాను తిరగలేదక్కా."

"నువ్వు ముల్లు చూశావా?"

"చూశాను. మొదటి మలుపు నుంచీ పైకి పోతూనే ఉంది."

"చూసి?"

సింహాద్రి కాలి బొటనవేలితో మట్టి గీకాడు.

"చూసి ఏం చేశావురా?"

"చెడ్డ కబురు చెప్పినందుకే కదా మొదటిసారి ఎండలో నిలబెట్టారు. అదేదో దానంతట అదే తెలుస్తుందిలే అనుకున్నాను."

పైడమ్మకు తమ్ముణ్ణి ఒక్కటి చరుద్దామనిపించింది. చెయ్యి లేచింది కూడా. మళ్లీ దించుకుంది. చరచవలసిన చెంప ఇది కాదని ఆమెకు అర్థమైంది. షెడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద ఉన్న సత్తు గిన్నె తీసుకుంది. పెరట్లో పడి ఉన్న పాత బ్యాటరీ, ఒక బల్బు, రెండు వైర్లు బుట్టలో వేసుకుంది.

"ఎక్కడికక్కా?"

"మీ రాజుకు వంట చేసి పెట్టడానికి. పద."

కొలువులోకి వెళ్లి దండం పెట్టలేదు. బుట్టను నేల మీద దించి నిలబడింది.

"మహారాజా, నా షెడ్డు మూశారు. మూసే ముందు ఆ స్విచ్చిని ఎవరైనా పరీక్షించారా?"

కొలువంతా గతుక్కుమంది. మహారాజు ముఖం జేగురు రంగుకు తిరిగింది. "నన్నే అడుగుతున్నావా?"

"మిమ్మల్నే. ముద్ర మీది కాబట్టి."

ఆయన లేచి నిలబడ్డాడు. కానీ ఆ బుట్టలో ఏముందో చూడాలని కూడా అనిపించింది. "సరే, కానివ్వు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఇంజను నుంచి స్విచ్చిని విప్పించి, దానికున్న దారం తీసేసి, మరలకు ఒక వైరు, తలకు ఒక వైరు తగిలించి, వాటిని బ్యాటరీకీ బల్బుకూ కలిపి, గిన్నె నీళ్లలో స్విచ్చిని ముంచింది పైడమ్మ. మూడు రాళ్ల పొయ్యి పేర్పించి కింద నిప్పు పెట్టింది. నీళ్లు వెచ్చబడ్డాయి, బల్బు వెలగలేదు. అడుగున బుడగలు లేచాయి, వెలగలేదు. ఇంకాసేపటికి, నీళ్లు తెర్లబోయే ముందు, బల్బు వెలిగింది. చెంబుడు చన్నీళ్లు పోసింది. ఆరిపోయింది.

"ఏదో అదృష్టం" అన్నారు ఎవరో.

రెండోసారి చేసింది. అలాగే వెలిగింది, అలాగే ఆరింది.

మూడోసారి మరలకు ఏడు చుట్లు మైనం దారం చుట్టి, ఆ దారం మీద వైరు కట్టి ముంచింది. నీళ్లు తెర్లాయి, పొంగాయి, పొయ్యి మీద పడి చుయ్యిమన్నాయి. బల్బు వెలగలేదు.

"స్విచ్చి తన పని తాను చేసింది" అంది పైడమ్మ. "వేడి అయింది అని చెబుతూనే ఉంది. ఆ మాట బయటికి పోయే దారిని మీరు దారంతో కట్టేశారు."

మహారాజు చూపు భండారి మీదికి మళ్లింది. విరూపాక్షుడు అప్పటికే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"వీణ్ణి తీసుకుపోయి..." అని మహారాజు మొదలుపెట్టాడు.

అప్పుడు వచ్చింది పైడమ్మకు అసలు కోపం. అంతవరకూ వచ్చినదంతా దాని ముందు ఎంత.

"ఆపండి" అంది. అరవలేదు. అయినా చివరి వరుసలో ఉన్న భటుడికి కూడా వినబడింది. "మళ్లీ మొదలుపెట్టారా? మొదటిసారి నా తమ్ముడు బండి వేడెక్కిందని చెప్పాడు. ఎండలో నిలబెట్టారు. రెండోసారి మీ భయానికి బ్యాటరీని చంపాడు. గుర్రంలా బండికి కట్టారు. మూడోసారి ముల్లు పైకి పోతుంటే కళ్లతో చూస్తూ నోరు మూసుకున్నాడు. ఈ భండారి, దారం చుట్టకపోతే మీరేమంటారో అని చుట్టాడు. ఇప్పుడు ఇతన్ని కొట్టిస్తారు. రేపు ఇంకొకడు ఇంకేదో దాస్తాడు. ఇంతమంది మనుషుల్లో మీకు నిజం చెప్పింది ఈ బొటనవేలంత ఇత్తడి ముక్క ఒక్కటే. ఎందుకో తెలుసా? దానికి మీరంటే భయం లేదు."

మహారాజు మెడ మీద నరం ఉబ్బి కొట్టుకుంటోంది. గిన్నె కింద కట్టెలు చిటపటమన్నాయి. చివరికి ఆయన భండారి వైపు చెయ్యి ఊపి "లే" అన్నాడు. పైడమ్మతో "నువ్వే బిగించు" అన్నాడు. క్షమించమని మాత్రం అనలేదు. రాజులకు ఆ మాట తొందరగా నోరు తిరగదు.

పైడమ్మ మరలను గుడ్డతో రుద్ది, ఇంజను ఇనుమును గీకి మెరిపించి, చేత్తో మూడు చుట్లు తిప్పి, భటులు తిరిగి తెచ్చిచ్చిన తన పానాతో బిగించింది. మర్నాడు మహారాజు, ఆమె, సింహాద్రి కారెక్కి కొండ దిగారు. మళ్లీ ఎక్కుతుండగా రెండో మలుపులో ముల్లు పైకి లేచింది. ఎవరూ ఏ మీటా నొక్కలేదు. బానెట్ కింద ఫ్యాను గుయ్యిమని తిరగడం మొదలుపెట్టింది. ముల్లు మెల్లగా దిగింది. ఫ్యాను ఆగింది.

మహారాజు మీసం దువ్వుకుంటూ ఉన్నాడు. అంతలో సింహాద్రి మెడ పక్కకు వాలింది, ఏదో వింటున్నట్టు. అతని నుదుటి మీద చెమట పట్టింది. పైడమ్మ కూడా విన్నది. వెనక చక్రం దగ్గర టక్కు టక్కుమని చప్పుడు. అది చెప్పడానికి ఏ స్విచ్చీ లేదు. ఆమె నోరు విప్పలేదు. ఈ మాట చెప్పవలసినవాడు తన తమ్ముడు.

"ప్రభూ" అన్నాడు సింహాద్రి. "వెనక చక్రం బాగాలేదు. బండి ఆపాలి."

మహారాజు ముఖం మళ్లీ జేగురు రంగుకు తిరిగింది. కోటలో విందు కాచుకుని ఉంది, ఎదురుగా నడిరోడ్డు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు.

"ఆపు" అన్నాడు.

దిగి చూశారు. చక్రానికి ఉండాల్సిన అయిదు నట్లలో రెండే మిగిలాయి. వాటిలో ఒకటి వేలితో తిప్పితే ఊడి వచ్చింది. పక్కనే లోయ. కింద ఏరు తెల్లటి దారప్పోగులా కనిపిస్తోంది.

మహారాజు చాలాసేపు ఆ లోయలోకి చూశాడు. తర్వాత సింహాద్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"షెడ్డు తాళం ఎవరు తీస్తారు?" అంది పైడమ్మ. ఆమె ముఖం ఇంకా చిటచిటలాడుతూనే ఉంది. ఒక్క చక్రం తప్పించినంత మాత్రాన అంతా మరిచిపోయే మనిషి కాదు.

"భటుణ్ణి పంపిస్తాను."

"ముద్ర మీది. మీరే రావాలి."

మహారాజు కొండ దిగి, నడిచి వచ్చి, ఊరంతా చూస్తుండగా తన ముద్రను తానే గీకి తీశాడు. పైడమ్మ లోపలికి వెళ్లి పని మొదలుపెట్టింది.

చెల్లీ ఇందుమతీ, ఈ కథ మనిద్దరం కలిసే విన్నాం కదా. రాజు రుద్రసేనుడేనా, భద్రసేనుడా? భండారి పేరు విరూపాక్షుడేనా? పిల్లలకు చదివి వినిపించే ముందు ఒకసారి చూసి, తప్పయితే పేర్లు దిద్దు. చివరి మాట మాత్రం దిద్దకు: చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి శిక్షించేవాడికి, తర్వాతి చెడ్డ కబురు ఆపద నెత్తిన పడ్డాకే తెలుస్తుంది.