అయ్యవారిచ్చిన గుడ్డ

మా అత్త తాగే పాలలో నీళ్లు కలిపేది నేనే. ఏడు నెలలుగా కలుపుతున్నాను. ఈ మాట ఇంతవరకు నా నోటి నుంచి బయటికి రాలేదు. మొదట్లో పావు గ్లాసు నీళ్లు, తర్వాత సగానికి సగం. అప్పు తీరాలి గదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయాలంటే అందులో పొదుపు ఒక వంతు, కక్ష మూడు వంతులు.

ఆ అప్పు మేము తిన్నది కాదు. మా ఆడబిడ్డ రేవతి మొగుడు పుత్తూరులో టైల్స్ అంగడి పెడతానంటే, మా ఆయన లోకనాథం తన పేరు మీద ఫైనాన్స్‌లో రెండు లక్షలు తీసిచ్చాడు. నెలనెలా కంతులు నేనే కట్టుకుంటానన్న ఆ పెద్దమనిషి నాలుగు నెలలు కట్టి మానేశాడు. వరసకు నాకు అన్న. మొన్న కొత్త బండి కూడా కొన్నాడు. మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. అల్లుణ్ణి డబ్బు అడగడమంటే మా అత్తకు చెప్పులేసుకొని గర్భగుడిలోకి పోయినట్టే. "అడిగితే అలుగుతాడు. అలిగితే నా బిడ్డను తెచ్చి మన గడపలో దించిపోతాడు" అంటుంది. మా ఆయన తల వంచుకొని అన్నం కలుపుకుంటాడు.

కాబట్టి నెలకు ఏడువేల రెండు వందలు నా వంటింట్లోంచి పోవాలి. కాఫీ మానేశాము. ఆదివారం కోడికూర పోయింది. తాలింపుకు నూనె చెంచాతో కొలిచాను, షాంపూ మాని కుంకుడుకాయలు కొట్టుకున్నాను, గ్యాసు మిగలాలని చద్దన్నం తిన్నాను. పదో తరగతితో బడి మానినదాన్ని, నాకు తెలిసిందంతా ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నదే. ఫోనులో వీడియోలు చూసి పొదుపు చిట్కాలు ఒక నోటుబుక్కు నిండా రాసుకున్నాను. ఎదురింటివాళ్లు "భలే గట్టి కోడలు" అన్నారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పోయిన వారం మా అత్త స్నానాలగదిలో కళ్లు తిరిగి పడింది. పెద్ద దెబ్బేమీ తగల్లేదు. ఆమెను లేపి కూర్చోబెట్టింది నేనే. అయినా మరునాడు మళ్లీ నీళ్లు కలిపాను.

నేను కాళహస్తిలో వరదయ్య అయ్యవారి దగ్గర రెండేళ్లుగా కలంకారీ పని నేర్చుకుంటున్నాను. ఆయనకొక అలవాటుంది. ఏదన్నా అడిగితే ఆ రోజు జవాబుండదు. మరునాడు చేతికొక పని ఇస్తాడు. జవాబు ఆ పనిలోనే ఉందని తెలిసేసరికి మన నడుము పడిపోయి ఉంటుంది. కళ్లు తిరిగి పడిన సంగతి, కంతుల సంగతి ఆయనకు చెప్పాను. పాల సంగతి మాత్రం మింగేశాను. "ఇల్లు పిండి పిండి ఇంక చుక్క రావడం లేదు అయ్యవారూ. ఇంకా యాడ తగ్గించాలా?" అని అడిగాను.

"పొద్దున రా" అన్నాడు.

పొద్దున పోతే ఒక గుడ్డ ఇచ్చి అమ్మవారి ముఖం గీయమన్నాడు. మా పనిలో గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన చిక్కటి ఎనుము పాలలో నానబెట్టి, పిండి, ఎండకు ఆరేస్తారు. పాలలోని కొవ్వు పట్టిన గుడ్డ మీద నల్లసిరా గీసినచోటే నిలబడుతుంది. పాలు పలచనైతే గీత పక్కలకు పాకుతుంది. గుడ్డను అయ్యవారే సిద్ధం చేస్తాడు. ఆయన చేతి గుడ్డను శిష్యులు కళ్లకద్దుకొని తీసుకోవాలి. బాగుందనీ బాగలేదనీ అనే వాడుక లేదు.

నేనూ కళ్లకద్దుకున్నాను. వెదురు కలం ముంచి మొదటి కనుబొమ గీశాను. అది గొంగళిపురుగులా ఉబ్బింది. సిరా ఎక్కువైందేమోనని, సిరా పీల్చుకోవడానికి కలానికి చుట్టిన ఉన్ని సగం తీసేశాను. కన్ను గీస్తే అదీ పాకింది. కలం ముల్లును ఇంకా సన్నగా చెక్కాను. సిరా విదిల్చి విదిల్చి గీశాను. మధ్యాహ్నానికి ముక్కు, పెదవి అన్నీ మసిబారాయి.

పక్కన పని చేసుకుంటున్న కస్తూరక్క తొంగి చూసింది. "ఏం మే హైమా, అమ్మవారికి కాటుకంతా కారిపోతాంది. కొట్టినావా ఏంది?"

"నీ పని నువ్వు చూసుకోక్కా" అన్నాను.

అయ్యవారు రెండుసార్లు వచ్చి చూశాడు. రెండుసార్లూ ఒకటే మాట: "ఇంకా తగ్గించు."

తగ్గించాను. అన్నానికి కూడా లేవలేదు. సాయంత్రానికి ఉన్ని మొత్తం పోయింది. ముల్లు సూదిలా అయింది. గుడ్డ మీద సిరా తగిలీ తగలనట్టు గీకుతున్నాను. అప్పటికీ ఆ కాస్త తడీ పక్కలకు పాకుతూనే ఉంది. ఆయన మూడోసారి వచ్చి "ఇంకా తగ్గించు" అన్నాడు.

కలం ఆయన కాళ్ల ముందర విసిరికొట్టాను.

"ఇంకేం తగ్గించాలా! తగ్గించడానికేముంది ఈడ? తప్పు నా చేతిలో లేదు అయ్యవారూ, గుడ్డలో ఉంది! నీళ్లపాలలో ముంచిన గుడ్డ ఇది!"

కస్తూరక్క చేతిలో పని ఆగిపోయింది. అయ్యవారు వంగి కలం తీసి గూట్లో పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది?"

పొద్దున కళ్లకద్దుకున్నప్పుడే తెలిసింది. ముఖానికి కరక్కాయ వగరు కొట్టిందే గానీ పాల కమ్మదనం తగల్లేదు. నీళ్లపాల వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"పొద్దున్నే" అన్నాను.

"మరి ఇంతసేపూ కలాన్ని ఎందుకు చెక్కినావు?"

"మీరిచ్చిన గుడ్డ. తప్పని ఎట్లంటాను?"

ఆయన ఆ గుడ్డను మడిచి నా చేతిలోనే పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఒక రోజంతా నన్ను గాడిదను చేసి ఆడించాడని దారి పొడుగునా తిట్టుకున్నాను. బస్సు దిగేసరికి ఆ కోపం ఆయన మీద నిలవలేదు. ఎవరి మీద నిలవాలో వాళ్ల మీదికి పోయింది. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటికి పోగానే మా అత్త ముందు కూర్చున్నాను. "అత్తా, నీ పాలలో నీళ్లు కలుపుతాండేది నేనే."

ఆమె చిక్కుడుకాయలకు ఈనె తీస్తోంది. తల ఎత్తలేదు. "తెల్సు."

"తెలిసి ఎందుకు తాగినావు?"

"ఎందుకని అడిగితే నువ్వు అల్లుడి పేరు ఎత్తుతావని."

నాకు ఏడుపు రాలేదు, మంటెత్తింది. "నువ్వు కళ్లు తిరిగి పడినా సరే, ఆయన మాత్రం అలగగూడదు! అంతేనా?" అని అరిచాను. ఆమె ఇంకో కాయ తీసుకుంది. మా ఆయన వాకిట్లో చెప్పులు వదులుతూ వదులుతూ, మళ్లీ వేసుకొని వీధిలోకి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున అయ్యవారికి అంతా చెప్పాను, ఈసారి పాల సంగతితో సహా. ఆయన తొట్టి ముందు కూర్చొని కొత్త గుడ్డ పిండుతున్నాడు. నా వంక చూడలేదు, ఛీ అని కూడా అనలేదు.

"నేను ఫోన్ చేసి అడిగితే ఆ మనిషి అలుగుతాడంట అయ్యవారూ" అన్నాను.

"నిన్న నా కాళ్ల ముందర కలం విసిరికొట్టినావే. నేను అలిగినానా?"

"మీరు అలగరు."

"అది నీకు విసిరినాక గదా తెలిసింది."

అని, పిండిన గుడ్డను దులిపి ఎండలోకి తీసుకుపోయాడు.

నేను వసారాలోకి వచ్చి ఫోను తీశాను. ముందు రేవతికి చేసి మెల్లగా చెప్పిద్దామా అనిపించింది. వద్దు, డబ్బు తీసుకున్నది ఆమె కాదు. ఆమెను తెచ్చి మా గడపలో దించితే దించనీ, ఇంకో కంచం కడిగి పెడతాను. ఆ పుత్తూరు అన్నకే చేస్తాను. ఇప్పుడే చేస్తాను.