వణికే చెట్టు కింద శేషభట్టు

కంబగిరి ప్రభువు తిమ్మభూపతికి ఉన్నట్టుండి కొత్త సింహాసనం కావాలనిపించింది. అదీ ఉత్తరాది కొండల నుంచి తెప్పించి తోటలో పెంచిన రెండు తెల్లమానుల్లో ఒకదాన్ని కొట్టించి. ఇప్పుడు పాప్లర్ అంటామే, ఆ చెట్టు. అది దేవతల కర్ర అని రాజుగారి చెవిలో ఊదరగొట్టింది ఆస్థాన జ్యోతిష్కుడు శేషభట్టు.

వడ్రంగి వీరోజు కొట్టిన మాను మీద బొటనవేలి గోరు నొక్కి చూశాడు. గాటు పడింది.

"మెత్తటి కర్ర ప్రభూ. గరిటెలకీ బొమ్మలకీ బాగుంటుంది. సింహాసనం చేస్తే నాలుగు రోజులు ఆగదు."

భట్టుకు ఒళ్లు మండింది.

"అబద్ధం. ఆ రెండో చెట్టునే అడుగుదాం. అబద్ధాలకోరు కింద నిలబడితే దాని ఆకులు వణుకుతాయి."

వీరోజును నిలబెట్టారు. ఆకులు గలగలా వణికాయి. వణకవా మరి? సన్నటి కాడలు, ఊపిరి తగిలినా ఊగుతాయి. తెల్లారిన దగ్గర్నుంచీ దానికి అదే పని. ఆ సంగతి కొలువులో అందరికీ తెలుసు, నోరు విప్పిన మగాడు మాత్రం లేడు.

పొద్దుగూకేలోగా పనిముట్లు వదిలేసి రాజ్యం దాటిపొమ్మని ఆజ్ఞ అయింది. తాత చేతి ఉలిని వీరోజు నేలమీద పెట్టలేక పెట్టాడు.

రాజుగారి తమలపాకుల పళ్లెం పట్టే ఓబులక్కకు కడుపు మండిపోయింది.

"భట్టుగారూ, నిన్న ప్రభువుల పాట విని తమరన్న మాట ఆ చెట్టు కింద నిలబడి ఇంకోసారి అనండి."

భట్టు చెట్టుకు దూరంగా జరిగాడు. రాజుకేమో ఆ పొగడ్త మళ్లీ వినాలని ఉబలాటం.

"అనవయ్యా" అన్నాడు. భట్టు కాళ్లీడ్చుకుంటూ చెట్టు కిందికి వెళ్లాడు.

"ప్రభువుల గానం ముందు గంధర్వులు కూడా దిగదుడుపే."

ఆకులు గలగలలాడాయి. కొలువంతా నేలచూపులు చూసింది.

"అబద్ధమాడింది ఎవరు భట్టూ? నువ్వా, చెట్టా?"

"గాలి ప్రభూ, ఉత్త గాలి. ఎవరు నిలబడ్డా ఇంతే."

"వీరోజు నిలబడ్డప్పుడు వీచిందీ ఈ గాలే కదా స్వామీ" అంది ఓబులక్క.

రాజు ఉలి తీసి తన చేత్తో వీరోజుకిచ్చాడు.

"ఆ కర్రతో ఓ పీట చెయ్యి. రేపటి నుంచి భట్టు కొలువులో దానిమీదే కూర్చుంటాడు. ఎన్నాళ్లు ఆగుతుందో చూద్దాం."

భట్టు తన బొజ్జకేసి దిగులుగా చూసుకున్నాడు. రాజు ఓబులక్క వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. నా పాట ఎలా ఉంటుంది?"

"ఇక్కడ నిలబడి ఎంతసేపైనా పొగుడుతాను ప్రభూ, నన్ను ఆ చెట్టు కిందికి మాత్రం పంపకండి."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి, తర్వాత పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి కొలువూ నవ్వింది. చేతి కంకణం తీసి ఆమె పళ్లెంలో వేశాడు.